చికిత్స ముగిసిన పిదప



వేములవాడ ప్రాంతమున ‘పునరావాసము’ అను మాట వినబడగనే మధ్యమానేరు జలాశయమున మునిగిన యూళ్లు జ్ఞప్తికి వచ్చును. ఊరు విడిచివచ్చిన వారికి మఱల నొక యిల్లును, ఒక బ్రతుకుతెరువును కల్పించుటయే ఆ మాటకు మనవారెఱిగిన యర్థము. వైద్యవిద్యలో దీనికి వేఱొక యర్థము గలదు. ఊరు మునుగకున్నను, తన యింటనే తాను పరాయివాడైన మనుష్యు డుండును. పక్షవాతముచే మంచము పట్టిన తండ్రికి స్నానపుగది పొరుగూరంత దూరము. నడక రాని బిడ్డకు వీధియరుగే కొండ. అట్టివారిని మఱల తమ బ్రతుకులోనికి గొనివచ్చు విద్యకు పునరావాస శాస్త్రమని పేరు. ఈ శాస్త్రమున డాక్టరు పట్టము కొఱకు చేయు పరిశోధనను గూర్చి యీ నెల వ్రాయదలచితిమి. పట్నవాసపు పండితుల సంగతి మనకేల యని పుట త్రిప్పవలదు. ఆ పరిశోధనకు మూలధనము మన యిండ్లలోనే యున్నది.

“మాచేత నగునది చేసితిమి, ఇక ఇంటికి గొనిపొండు” అని వైద్యుడు పలికిన నాటితో ఆసుపత్రి పని ముగియును. ఇల్లాలి పని నాటితోనే మొదలగును. రోగి నే ప్రక్కకు తిప్పి పరుండబెట్టిన పుండు పడదో, జావ యెంత చిక్కగా నున్న పొలమారదో, బిడ్డ యే చూపు చూచిన దాహమని యర్థమో ఆమెకు దెలియును. ఏండ్లు గడచి సంపాదించిన యీ జ్ఞాన మే గ్రంథమునను చేరదు. పైపెచ్చు, బిడ్డకు బుద్ధిమాంద్య మున్నచో తల్లి చేసిన పాపమని నిందించువారును గలరు. రాజన్నకు కోడె కట్టి మ్రొక్కు చెల్లించుట మన విశ్వాసము. దాని కడ్డు చెప్పువారము కాము. కాని గుడినుండి తిరిగివచ్చిన పిదప ఆ తల్లికి తోడెవరు?

ఈ ప్రశ్నను శాస్త్రము లెక్కలోనికి దీసికొన్న తార్కాణ మొకటి మన తెలుగునేలపైననే కలదు. బుద్ధిమాంద్యము గలవారి కొఱకు 1984లో సికింద్రాబాదున నొక జాతీయ సంస్థ నెలకొన్నది. రీటా పెషావరియా మొదలగువారు అచ్చట పరిశోధించి, అట్టి బిడ్డలు గల భారతీయ కుటుంబములను గూర్చి 1995లో నొక గ్రంథము వెలువరించిరి. వారు బిడ్డ యెంత నేర్చెనని మాత్రమే యడుగలేదు. ఇంటివారికి గావలసిన దేమని యడిగిరి. జబ్బును గూర్చిన తెలివిడి, ధనసహాయము, మనోధైర్యము, తమ తరువాత బిడ్డగతి యేమను చింత—ఇవియన్నియు ఆ విచారణలో చేరినవి. తల్లి గుండెలో మ్రగ్గుచున్న మాటకు శాస్త్రమున చోటు దొరకినది.

స్త్రీలు ఈ మార్గమున ముందే నడచిరి. 1954లో కారు ప్రమాదమున నడుము క్రింది భాగము చచ్చుబడిన డాక్టరు మేరీ వర్గీసు చక్రముల కుర్చీలో కూర్చుండియే శస్త్రచికిత్సలు చేసెను. తరువాత అమెరికాలో ఈ విద్య నభ్యసించి తిరిగివచ్చెను. 1966లో వేలూరున పునరావాస కేంద్రము ఏర్పడుటకు ఆమెయే కారకురాలు.

పరిశోధన యన నేమో మన సీమనుండియే యొక యుదాహరణము చూతము. సిరిసిల్ల మరమగ్గముల యొద్ద పనిచేయు నొకనికి పక్షవాతము సోకిన దనుకొందము. చేయి యెంత యెత్తు లేచునో కొలుచుట యొక పని. ఆ చేతితో తెగిన పోగును మఱల ముడివేయగలడా, కూలికి పోగలడా, పెండ్లిపందిట నలుగురిలో కూర్చుండగలడా యని విచారించుట వేఱొక పని. ప్రపంచారోగ్య సంస్థ 2001లో నంగీకరించిన విధానమును ఇదియే చెప్పుచున్నది. దేహము, చేయగల పని, సంఘమున పాలుపంచుకొనుట, చుట్టునున్న పరిస్థితులు—అన్నియు కలిపి చూడవలయునట. గడప యెత్తు కూడ వైకల్యమున నొక భాగమే.

ఇట్టి ప్రశ్న నొకదానిని చేపట్టు విద్యార్థిని ముందుగా వ్యాయామ చికిత్స, ప్రత్యేక విద్య, వాక్చికిత్స, మనశ్శాస్త్రము మొదలగు వానిలో నొకదాన ఉన్నతపట్టము పొందుట సాధారణ పద్ధతి. పిదప ప్రవేశపరీక్ష, పరిశోధనా పద్ధతులలో శిక్షణము, నీతిసంఘము వారి యనుమతి. అటుపై ఇల్లిల్లు తిరిగి, ఇంటివారి సమ్మతి పొంది, కొలిచి, అడిగి, వ్రాసికొని, తుదకు సిద్ధాంత గ్రంథము సమర్పించి పండితుల ప్రశ్నలకు సమాధాన మీయవలయును. తక్కువపక్షము మూడేండ్ల పని. ఆడుపిల్ల కిన్నేండ్ల చదువేల యను పెద్దలకు మా మనవి: విశ్వవిద్యాలయ నిధుల సంఘము వారి 2022 నాటి నిబంధనలు స్త్రీలకు మామూలు గడువుపై 2 సంవత్సరముల సడలింపును, ప్రసూతికిని శిశుపోషణమునకును 240 దినముల వఱకు సెలవును అనుమతించుచున్నవి. పెండ్లియైనంత మాత్రమున చదువు మానిపింప నక్కఱలేదు.

ఒక హెచ్చరిక. ఈ డాక్టరు పట్టము మందులిచ్చుట కధికారము కాదు. ప్రత్యేక విద్య, వాక్చికిత్స, కృత్రిమావయవ నిర్మాణము మొదలగు వృత్తులవారు 1992 నాటి చట్టముచే నేర్పడిన భారత పునరావాస మండలియందు పేరు నమోదు చేసికొనియుండవలయును. బిడ్డ నప్పగించుటకు ముందు ఆ నమోదును చూపుమని యడుగుట మర్యాద తప్పుట కాదు.

సోదరీ! నీ యింటికి పరిశోధకురాలు వచ్చినపుడు, పరువు పోవునని బిడ్డను లోపలిగదిలో దాచకుము. ఇష్టమున్న నున్నది యున్నట్లు చెప్పుము. ఇష్టము లేకున్న వలదనుటకును నీకు హక్కు గలదు. చెప్పినచో, “మా మాటలవలన మీరేమి తెలిసికొంటిరి? మాకేమి మేలు?” అని తిరిగి యడుగుము. ఆ యడుగుటకు బదులు చెప్పలేని పరిశోధన అట్టపెట్టెకే పరిమితము. రాత్రి దీప మార్పుటకు ముందు, నాడు బిడ్డ క్రొత్తగా చేసిన దేమో యొక పుస్తకమున నొక్క పంక్తి వ్రాసియుంచుము. ఆ పుస్తకము చదివి పెరిగిన చెల్లెలే రేపు పరిశోధకురాలు గావచ్చును.