రెండు క్యారేజీలు ఒకటేనా?

బ్నీద్ అల్ గార్‌లో మన బడి రిజిస్టరు కాగితం నుంచి కంప్యూటరుకు మారాక మేము నేర్చుకున్న ఒక సంగతి మీతో పంచుకుంటున్నాం.

ఒకసారి పిక్నిక్‌కు ముందు పేర్ల పట్టిక తీస్తే ఒకే పాప పేరు రెండుసార్లు వచ్చింది. ఒకచోట "వేరుశనగ పడదు" అని ఉంది, రెండోచోట లేదు. టీచరు చేతికి వెళ్ళింది ఆ రెండోదే! బస్సు ఎక్కించేటప్పుడు వాళ్ళమ్మ చెప్పింది కాబట్టి సరిపోయింది. నకళ్ళు ఏరెయ్యమని డేటాబేసుకు మేము ముందే చెప్పాం. అది ఆ రెండూ వేరు వేరంది.

ఒక బిడ్డ వివరాలు టిఫిన్ క్యారేజీ లాంటివి. పై గిన్నెలో పేరు, కింద చిరునామా, అందులో మళ్ళీ బ్లాకు, వీధి. ఇంకో గిన్నెలో ఫోను నంబర్ల వరస. రెండు క్యారేజీలు ఒకటేనా అంటే గిన్నె గిన్నె విప్పి చూడాలి.

మేము వాడే పోస్ట్‌గ్రెస్‌లో వీటిని దాచడానికి జేసన్ అనే రకం ఉంది. అది ఇచ్చినదాన్ని పొల్లుపోకుండా దాస్తుంది గానీ, రెండు సమానమా అని అడిగితే తప్పు చూపించి ఆగిపోతుంది. 2014లో 9.4 వెర్షన్‌తో జేసన్‌బి వచ్చింది. చిరునామా ముందా, ఫోను ముందా అన్నది దీనికి పట్టదు. 1, 1.0 ఒకటే అంటుంది. వరసల దగ్గర మాత్రం పట్టుదల మనిషి! నాన్న నంబరు ముందున్న వరస, అమ్మ నంబరు ముందున్న వరస దానికి వేర్వేరు. అందుకే నంబర్లను క్రమంలో పెట్టి దాచాలి.

ఖాళీ గడి సంగతి ఇంకా చిత్రం. మామూలు గడిలో నల్ నల్‌తో సమానమా అంటే అవుననదు, కాదనదు, "తెలియదు" అంటుంది. మొదట మాకు చిరాకేసింది. ఆలోచిస్తే న్యాయమే. ఇద్దరి పుట్టినరోజులూ తెలియనప్పుడు ఇద్దరూ ఒకేరోజు పుట్టారని అనలేం కదా! ఖాళీలనూ సమానంగా చూడాలంటే "ఈజ్ నాట్ డిస్టింక్ట్ ఫ్రమ్" అని రాయాలి. జేసన్‌బి లోపలి నల్ మాత్రం మరో నల్‌తో సమానమే. అయితే గిన్నె ఖాళీగా ఉండటం వేరు, గిన్నే లేకపోవడం వేరు.

ఇక మన అక్షరం చేసిన అల్లరి. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వం, దాని కింద ఇంకో గుర్తు కలిపి రెండుగానూ రాయవచ్చు. "శైలజ" అని రెండు విధాలా రాస్తే కంటికి తేడా దొరకదు. యంత్రానికి మాత్రం ఒకటి 4 గుర్తుల పేరు, రెండోది 5 గుర్తుల పేరు. మా పాప పేరులోనూ ఐత్వం ఉంది! 2020లో వచ్చిన 13వ వెర్షన్ నుంచి నార్మలైజ్ అనే ఫంక్షన్ ఈ రెండింటినీ ఒక రూపానికి తెస్తుంది.

ఇప్పుడు క్యారేజీ మొత్తాన్ని పోల్చడం మానేశాం. ముందు సివిల్ ఐడీ 12 అంకెలూ కలిశాయా అని చూస్తాం. కలిస్తే ఒకే బిడ్డ. మిగతా గిన్నెల్లో తేడాలుంటే ఏదీ కొట్టెయ్యకుండా అమ్మానాన్నలకు చూపిస్తాం.

కాబట్టి ఫారం నింపేటప్పుడు, మీ బిడ్డకు పడని పదార్థాలు లేకపోతే "ఏమీ లేవు" అని రాయండి. ఖాళీగా వదిలితే మాకు "తెలియదు" అనే అర్థం.