బెండు పెరిగితే రాయీ పెరగాలి!

కువైట్ సముద్రంలో చలేమిటని మా ఊళ్లో వాళ్లు నవ్వుతారు. నిజమే, వేసవిలో ఇక్కడి నీళ్లు 30 డిగ్రీలు దాటతాయి. కానీ జనవరి వచ్చేసరికి దాదాపు 15 డిగ్రీలకు దిగిపోతాయి. ఆ తేడాను తేలిగ్గా తీసుకున్నందుకు కిందటి శీతాకాలం నాకు గట్టి పాఠమే అయింది.

వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే నాకు స్కూబా డైవింగ్ ఒక్కటే వ్యాపకం. పదిహేడేళ్ల మా అబ్బాయే నా జోడీ. ఇద్దరం కుబ్బర్ దీవి దగ్గర పగడాల మధ్య దిగుతుంటాం. వేసవిలో 3 మిల్లీమీటర్ల పొట్టి సూటుకు 4 కిలోల సీసం నాకు సరిపోయేది. చలికి 5 మిల్లీమీటర్ల నిండు సూటు, తలకు హుడ్ వేసుకుని, ఉజ్జాయింపుగా ఒక్క కిలో కలిపాను. లంగరు తాడు పట్టుకుని దిగడంతో లోటు తెలియలేదు.

తిరుగు దారిలో, 5 మీటర్ల లోతున మూడు నిమిషాలు ఆగాల్సిన చోట, బెండులా పైకి తేలిపోయాను. జాకెట్‌లో గాలంతా వదిలేసినా ఆగలేదు. ఊపిరి బిగబట్టకుండా వదులుతూ పోవడం ఒక్కటే గుర్తుంది. అలా లేచేటప్పుడు ఊపిరి బిగబడితే ఊపిరితిత్తులకే ప్రమాదం. కింద పిల్లాడు ఒంటరిగా మిగిలాడు. పడవెక్కాక వాడన్న మాట ఇదీ: "నాన్నా, నేను ఆగాలా, నీ వెనకే రావాలా తెలియలేదు."

ఎందుకిలా?

చిన్నప్పుడు నడుముకు బెండు కట్టుకుని బావిలో ఈత నేర్చుకున్నవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. నియోప్రీన్ అంటే సన్నని గాలి బుడగలు నిండిన రబ్బరు. మందం పెరిగితే ఒంటికి ఇంకో బెండు కట్టుకున్నట్టే. పది మీటర్ల లోతున ఒత్తిడి రెట్టింపై ఆ బుడగలు నలిగిపోతాయి, తేలే గుణం తగ్గుతుంది. అందుకే కింద అంతా బాగానే ఉంటుంది. పైకొస్తుంటే అవి మళ్లీ ఉబ్బుతాయి. అప్పటికి సిలిండర్‌లో గాలి కూడా 2 కిలోల దాకా ఖర్చయి, అదీ తేలికవుతుంది. పైగా ఇక్కడి నీళ్లలో ఉప్పెక్కువ.

ఆ భయంతో తర్వాతిసారి ఏకంగా 11 కిలోలు కట్టాను. అదీ తప్పే. ఆ బరువు మోయడానికి జాకెట్‌లో గాలి నింపుతూ, వదులుతూ, సిలిండర్ గంట ముందే ఖాళీ అయినంత పనైంది. చివరికి శిక్షకుడి ఎదుట పరీక్ష చేసుకుంటే 8 కిలోలు తేలింది.

ఇలా చూసుకోండి

• సూటు, హుడ్, చేతి తొడుగులు, ఏది మారినా దిగేముందు బరువు మళ్లీ చూసుకోవాలి.

• సిలిండర్‌లో 50 బార్ గాలి ఉన్నప్పుడు, జాకెట్ ఖాళీ చేసి, మామూలుగా ఊపిరి తీసుకుని కదలకుండా నిలబడండి. నీటి మట్టం కళ్ల దగ్గరుండాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి.

• నిండు సిలిండర్‌తో చూస్తే, ఖర్చయ్యే గాలికి బదులుగా మరో 2 కిలోలు కలపాలి.

• కిలో చొప్పున మార్చండి. కొత్త సూటు ఎక్కువ తేలుతుంది, పాతబడేకొద్దీ తగ్గుతుంది. ఏ సూటుకు ఎంతో పుస్తకంలో రాసి పెట్టుకోండి.

చమురు రాకముందు కువైట్ బతుకులో ముత్యాల వేటది పెద్ద స్థానం. ఆ గజ ఈతగాళ్లు కాలికి రాయి కట్టుకుని దిగేవారు. అడుగు చేరగానే రాయిని వదిలేస్తే, పడవలోని మనిషి దాన్ని తాడుతో పైకి లాగేవాడు. ఎంత బరువు కావాలో, ఎప్పుడు అక్కర్లేదో వాళ్లకు బాగా తెలుసు.

ఇప్పుడు పడవెక్కగానే మావాడే అడుగుతాడు, "నాన్నా, ఇవాళ ఎన్ని కిలోలు?" అని. పుస్తకం తీసి చూపిస్తే గానీ నన్ను నీళ్లలోకి దిగనివ్వడు.