గండికోట గెలిచిన వజ్రాల వ్యాపారి

జమ్మలమడుగు దగ్గర గండికోటకు వెళ్లేవాళ్లు ముందుగా లోయ అంచుకే నడుస్తారు. పెన్నానది ఎర్రమల కొండల్ని నిలువునా కోసిన ఆ చోట నిలబడితే, ఇక్కడే కోట ఎందుకు కట్టారో ఎవరూ చెప్పనక్కర్లేదు. అంత గట్టి కోట 1650లో ఎలా చేతులు మారిందన్నది మాత్రం విడమరచి చెప్పుకోవాల్సిన సంగతి.

గండికోటను ఏలిన పెమ్మసాని వంశం విజయనగరం నాయకుల వంశం. రాజు సీమ ఇస్తాడు, నాయకుడు దాని ఆదాయంతో సైన్యాన్ని పోషించి యుద్ధానికి పంపుతాడు. రాజు బలంగా ఉన్నంతకాలం ఈ ఏర్పాటు నిలిచింది. 1640ల నాటికి విజయనగరాన్ని ఏలిన చివరి అరవీటి రాజు శ్రీరంగరాయలు బలహీనపడ్డాడు. బీజాపూర్, గోల్కొండ సుల్తానులు ఆయన రాజ్యాన్ని చెరోవైపు నుంచి ఆక్రమిస్తుంటే ఎక్కడి నాయకుడు అక్కడ ఒంటరివాడయ్యాడు. గండికోటలో పెమ్మసాని చినతిమ్మానాయుడి పరిస్థితీ అదే.

ఆయన మీదికి వచ్చినవాడు గోల్కొండ సేనాని మీర్ మహమ్మద్ సయీద్. చరిత్రలో ఆయన తన పదవి పేరుతో, మీర్ జుమ్లాగా నిలిచాడు. ఇరాన్‌లోని అర్దిస్తాన్‌లో పేద నూనె వ్యాపారి ఇంట పుట్టాడు. వజ్రాల వర్తకంలో పని నేర్చి గోల్కొండ చేరాడు. ఆ కాలంలో దక్కన్ వజ్రాల కోసం ప్రపంచమంతా ఎదురుచూసేది. ఆ వ్యాపారంతో ఆయన ఓడలు సంపాదించాడు, సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులో మంత్రి పదవికి ఎదిగాడు. సుల్తాన్ సైన్యంతోపాటు తానే జీతమిచ్చే ఆశ్వికదళాన్ని నిలిపాడు, ఐరోపా ఫిరంగి నిపుణులను కొలువులో పెట్టుకున్నాడు. 1646లో ఉదయగిరిని, నాలుగేళ్లకు గండికోటను పట్టాడు.

1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియె గండికోటకు వచ్చి మీర్ జుమ్లా దర్బారు చూశాడు. కాలివేళ్ల సందున, ఎడమచేతి వేళ్ల సందున ఉత్తరాలు ఇరికించుకుని, ఒక్కొక్కటే తీస్తూ లేఖకులకు జవాబులు చెబుతున్నాడట. గుళ్లలోని లోహ విగ్రహాలను కరిగించి ఫిరంగులు పోయించాలని చూసిన సంగతీ తవెర్నియె రాశాడు. పనిలో అంత నేర్పు, జనం కొలిచే దేవుళ్ల పట్ల అంత నిర్దయ ఒకే మనిషిలో ఉన్నాయి. ఒకటి చెప్పి రెండోది దాచకూడదు.

ఇంత బలం పెరిగిన మంత్రిని చూసి సుల్తానే భయపడ్డాడు. 1655లో మీర్ జుమ్లా కొడుకు మహమ్మద్ అమీన్‌ను ఖైదు చేయించాడు. మీర్ జుమ్లా మొగలుల పక్షం చేరాడు. ఆ గొడవను సాకుగా చేసుకుని మొగల్ యువరాజు ఔరంగజేబు హైదరాబాద్ మీద పడ్డాడు. 1660లో మీర్ జుమ్లా బెంగాల్ సుబేదారై ఢాకాలో కూర్చున్నాడు. అస్సాం దండయాత్ర నుంచి తిరిగివస్తూ 1663లో జబ్బుచేసి చనిపోయాడు.

పెమ్మసాని వారి బలం ఆ సీమలోనే ఉంది, సీమ పోగానే అదీ పోయింది. మీర్ జుమ్లా బలం నగదులో, జీతగాళ్ల సైన్యంలో ఉంది. ఎవరి కొలువుకు మారినా దాన్ని వెంట తీసుకుపోగలిగాడు. గండికోట చేతులు మారడంలో, గోల్కొండ తన సేనానినే అదుపు చేయలేకపోవడంలో పనిచేసిన కారణం ఒక్కటే: సైనికుడికి జీతమిచ్చే చెయ్యి రాజుది కాకపోవడం.