బూజుకర్రతో పోని బూజు

తెలుగులో 'బూజు' అనే మాట రెండు వేర్వేరు వాటికి పేరు. ఇంటి మూలల్లో సాలీడు అల్లి వదిలేసిన గూడు బూజే. వానాకాలంలో గోడల మీద, తోలు చెప్పుల మీద, బీరువాలోని పట్టుచీరల మడతల్లో పుట్టుకొచ్చే తెల్లటి, పచ్చటి, నల్లటి పూత కూడా బూజే. మొదటిది బూజుకర్రతో దులిపితే పోతుంది. రెండోది దులిపితే ఇల్లంతా పరుచుకుంటుంది. ఎందుకంటే అది చెత్త కాదు, ప్రాణమున్న శిలీంధ్రం.

ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో, బైలదిల్లా కొండల పాదాల దగ్గరున్న బచేలిలో ఈ తేడా తెలిసి ఉండడం మరీ అవసరం. ఇనుప ఖనిజం తవ్వకం పక్కనున్న కిరందుల్‌లో 1968లో, బచేలిలో 1977లో మొదలైంది. ఖనిజం కొత్తవలస - కిరందుల్ రైలు మార్గంలో విశాఖపట్నం చేరుతుంది. ఉద్యోగాల కోసం అదే దారిలో ఎదురు వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. చుట్టూ అడవి, పక్కనే 1,200 మీటర్లు దాటిన కొండలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ముసురు పడితే రోజుల తరబడి ఎండ కనిపించదు. ఆరేసిన బట్టలు ఆరవు, గోడలూ ఆరవు.

గోడకు చెమట ఎందుకు?

శిలీంధ్రాల సిద్ధబీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. అవి లేని ఇల్లంటూ ఉండదు. దుమ్ము, రంగు, కాగితం, నూలు, చెక్క, తోలు... అన్నీ వాటికి ఆహారమే. సాధారణంగా ఇంట్లో కొరతగా ఉండేది ఒక్కటే: నీరు. అది దొరికిన రోజున మొలకెత్తుతాయి.

ఆ నీరు పైకప్పు కారడం వల్లే రానక్కర్లేదు. వెచ్చని గాలి ఎక్కువ ఆవిరిని మోయగలదు, చల్లని గాలి తక్కువ మోస్తుంది. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఘనపు మీటరు గాలిలో దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరి ఇముడుతుంది. 20 డిగ్రీల దగ్గర ఇమిడేది 17 గ్రాములే. గదిలో 28 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్నాయనుకోండి. ఆ గాలి 25 డిగ్రీలున్న గోడను తాకితే చాలు, ఆవిరి నీరవుతుంది. ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతనే తుషార బిందువు అంటారు. నీటిచుక్కలు కంటికి కనిపించకపోయినా, గోడను ఆనుకున్న గాలిలో తేమ 80 శాతం దాటి కొన్నాళ్లు నిలిస్తే బూజుకు సరిపోతుంది. బీరువా వెనుక, మంచం తలాపున, గది మూలల్లో ముందుగా మచ్చలు రావడానికి కారణం ఇదే. అక్కడ గాలి ఆడదు, గోడ చల్లగా ఉంటుంది.

అపోహ: నల్ల బూజంటే 'బ్లాక్ ఫంగస్'

2021లో కొవిడ్ రెండో దశలో మ్యూకర్‌మైకోసిస్ కేసులు పెరిగాయి. ఆ ఏడాది మే నెలలో తెలంగాణ దాన్ని ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన వ్యాధిగా ప్రకటించింది. అదే సమయంలో ఉల్లిపాయల మీది నల్లటి పొడి, ఫ్రిజ్ తలుపు రబ్బరు మీది నల్ల మచ్చలు కూడా బ్లాక్ ఫంగసేనంటూ ఫోన్లలో సందేశాలు తిరిగాయి. ఉల్లిపాయ మీద సాధారణంగా కనిపించేది ఆస్పర్‌జిల్లస్ నైగర్ అనే వేరే శిలీంధ్రం. మ్యూకర్‌మైకోసిస్‌లో నలుపు శిలీంధ్రం రంగు కాదు, రక్తం అందక చనిపోయిన కణజాలం రంగు. ఆ వ్యాధి ముఖ్యంగా మధుమేహం అదుపులో లేనివారికి, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి వచ్చింది. ఒకరి నుంచి మరొకరికి అంటుకోదు.

రంగును బట్టి బూజు ఎంత ప్రమాదకరమో చెప్పలేం. 1990లలో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పసిపిల్లల ఊపిరితిత్తుల్లో రక్తస్రావానికి స్టాకీబాట్రిస్ అనే నల్ల బూజు కారణమని అనుమానించారు. 2000లో అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం ఆ పరిశోధనను తిరిగి పరిశీలించి, సంబంధం రుజువు కాలేదని తేల్చింది.

అలాగని బూజు ఏమీ చేయదనుకోవడమూ అపోహే. తేమ, బూజు ఉన్న ఇళ్లలో దగ్గు, పిల్లికూతలు, ఉబ్బసం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాలు చెప్తున్నాయి. గాలిలో ఇంత బూజు ఉంటే పర్వాలేదని ఆ సంస్థ ఏ పరిమితీ పెట్టలేదు. తేమనే నివారించమంది. ఇంట్లో ఉబ్బసమున్న పిల్లలుంటే మచ్చ ఏ రంగుదన్నది అప్రస్తుతం, దాన్ని తొలగించాలి.

అపోహ: ఘాటైన రసాయనమైతేనే పోతుంది

బ్లీచింగ్ ద్రావణం పైపై మచ్చను తెల్లబరుస్తుంది. గోడ లోపలి చెమ్మను ఆపలేదు. చచ్చిన బూజు కూడా అలర్జీ కలిగించగలదు కనుక చంపితే సరిపోదు, తీసేయాలి. అసలు ప్రమాదం మరొకటి ఉంది. బ్లీచింగ్‌లో మరుగుదొడ్డి కడిగే యాసిడ్ గానీ, వెనిగర్ గానీ కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. తలుపులు మూసిన స్నానాలగదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. బూజు కంటే దానికి చేసే వైద్యమే ముప్పు కావచ్చు.

సున్నం సంగతి వేరు. కొత్తగా వేసిన సున్నానికి క్షారగుణం ఎక్కువ, అందులో బూజు పెరగలేదు. అయితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసేకొద్దీ ఆ గుణం తగ్గిపోతుంది. బీరువాలో పెట్టే కలరా ఉండలు పురుగులను దూరం పెడతాయి గానీ తేమను తగ్గించవు.

అపోహ: కిటికీలు తెరిస్తే చాలు

బయటి గాలి లోపలి గాలి కంటే పొడిగా ఉన్నప్పుడే ఇది నిజం. ముసురు వేళ కిటికీ తెరిస్తే తేమ లోపలికే వస్తుంది. వంట, స్నానం జరిగే చోట మాత్రం ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పనిసరి, ఆవిరి పుట్టేది అక్కడే. ఎండ కాసిన గంటలో అన్ని కిటికీలూ తెరవాలి.

ఏం చేయాలి?

తడిసిన వస్తువులను 24 నుంచి 48 గంటల్లోగా ఆరబెడితే బూజు దాదాపు పట్టదు. వీలైతే ఇంట్లో తేమ 60 శాతం మించకుండా చూడాలి. తేమను కొలిచే చిన్న పరికరం కొని పెట్టుకుంటే ఊహతో పని ఉండదు. బీరువాను గోడకు జానెడు దూరం జరపాలి. తడిబట్టలు పడగ్గదిలో ఆరేయకూడదు.

మచ్చ మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు లోపు ఉంటే ఇంట్లోవాళ్లే శుభ్రం చేసుకోవచ్చు. ఎన్95 మాస్కు, చేతితొడుగులు వేసుకుని, సబ్బునీళ్లతో తడిపాకే రుద్దాలి. పొడి చీపురు, బూజుకర్ర ముట్టకూడదు. ఆ తర్వాత పూర్తిగా ఆరనివ్వాలి. లోపలిదాకా బూజు పట్టిన పరుపులు, దిండ్లు పారేయడమే మేలు. ఉబ్బసం ఉన్నవారు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండాలి.

వానలు వెనుదిరిగాక పండుగకు ఇంటికి రంగు వేయించడం చాలామందికి అలవాటు. ఆ రంగు డబ్బా తెరిచేముందు నీరు ఎక్కడినుంచి వస్తోందో వెతకాలి. పైకప్పు పగులా, గోడలోని గొట్టమా, నేల నుంచి పైకి పాకే చెమ్మా? దాన్ని ఆపకుండా వేసిన రంగు బూజును దాచుతుందే తప్ప పోగొట్టదు. వచ్చే జూన్‌లో అదే చోట మళ్లీ కనిపిస్తుంది.