ప్రేమకేంద్ర క్రైస్తవ వేదాంతం

దైవప్రేమను మూలసూత్రంగా గ్రహించి పాపం, తీర్పు, రక్షణలను దాని వెలుగులో పునర్వివరించే ఆలోచనాధోరణిని ప్రేమకేంద్ర క్రైస్తవ వేదాంతం అనవచ్చును. దేవుడు ప్రేమస్వరూపి అనే యోహాను మొదటి పత్రిక వాక్యం (4:8) దీనికి ఆధారం.

గోదావరి డెల్టాలో లూథరన్ మిషను 1845లో రాజమండ్రిలో ప్రారంభమైనది. లూథరన్ మతబోధకు ఆధారమైన లూథర్ చిన్న ప్రశ్నోత్తరి పది ఆజ్ఞలతో మొదలవుతుంది. వాటి వివరణలో దేవునికి భయపడటం ముందు, ప్రేమించటం తరువాత వస్తాయి. పరిపూర్ణ ప్రేమ భయాన్ని వెళ్ళగొడుతుందని యోహాను పత్రికే (4:18) చెబుతున్నది. చిక్కు ఇక్కడే ఉన్నది. తెలుగు బైబిలులోని "భయభక్తులు" అనే జంటపదం దానిని సగం విప్పుతుంది. ఇందులోని భయం దండన భయం కాదు, పూజ్యభావం. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు భక్తిపక్షాన్నే జనం నోట నిలిపినవి.

ప్రేమే ప్రధానమైతే అన్యాయానికి గురైనవారి గతి ఏమిటన్నది గట్టి ఆక్షేపణ. బాధితుని ప్రేమించే దేవుడు బాధించినవానిని ప్రశ్నించక మానడని, తీర్పు ఆ ప్రేమలోనిదేనని సమర్థకుల సమాధానం.