పెరాక్సైడ్‌ను వాడేచోటే తయారుచేస్తే?

కోవిడ్ రోజుల్లో అందరి చేతుల్లోనూ కనిపించిన శానిటైజర్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన తయారీ సూత్రంలో ఆల్కహాలు, గ్లిజరిన్‌తోపాటు 0.125 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా ఉంది. అది చేతుల మీది క్రిముల కోసం కాదు, ఆ ద్రవంలోనే దాగి ఉండగల బ్యాక్టీరియా సిద్ధబీజాలను మట్టుపెట్టడానికి. గాయం మీద పోస్తే తెల్లగా నురగలు కక్కేదీ, సెలూన్‌లో జుట్టు రంగు దించేదీ ఇదే. అయితే మందుల షాపుకూ సెలూన్‌కూ చేరేది చాలా కొద్ది. కాగితం గుజ్జును, నూలు బట్టను తెల్లబరచడానికి, మురుగునీటి శుద్ధికి, ప్లాస్టిక్ ముడిసరుకుల తయారీకి ప్రపంచం మొత్తంమీద ఏటా 40 లక్షల టన్నులకు పైగా ఖర్చవుతుంది.

పని పూర్తయ్యాక దీని నుంచి మిగిలేది నీరు, ఆక్సిజన్ మాత్రమే. అందుకే క్లోరిన్ కంటే దీనికి మంచి పేరు. పుట్టుక మాత్రం అంత శుభ్రంగా లేదు.

ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త తెనార్ 1818లో దీన్ని తొలిసారి తయారుచేశాడు. నేటి కర్మాగారాల పద్ధతి 1930లలో జర్మనీలో రీడెల్, ఫ్లైడరర్ రూపొందించింది. ఆంత్రాక్వినోన్ అనే పదార్థాన్ని సేంద్రియ ద్రావణుల్లో కరిగిస్తారు. పల్లేడియం ఉత్ప్రేరకం సాయంతో దానికి హైడ్రోజన్ ఎక్కిస్తారు. తర్వాత గాలి పంపితే పెరాక్సైడ్ విడివడి, ఆంత్రాక్వినోన్ మొదటి రూపానికి వచ్చేస్తుంది. పెరాక్సైడ్‌ను నీటితో లాగి, స్వేదనంతో చిక్కబరుస్తారు. ఈ పద్ధతి నమ్మకమైనదే. కాకపోతే ఆ ఆంత్రాక్వినోన్ కొద్దికొద్దిగా పాడవుతూ ఉంటుంది, ద్రావణులు కావాలి, స్వేదనానికి బోలెడు శక్తి కావాలి. భారీ కర్మాగారం కడితే తప్ప గిట్టుబాటు కాదు.

కర్మాగారం ఒకచోట, వాడేవాళ్లు మరోచోట. నీటిని మోసే ఖర్చు తగ్గించుకోవడానికి 70 శాతం దాకా గాఢతతో రవాణా చేసి, చేరినచోట మళ్లీ నీళ్లు కలుపుతారు. దారిలో విడిపోకుండా స్థిరీకరణ రసాయనాలు వేస్తారు, అవి కొన్ని వాడకాల్లో అడ్డుపడతాయి. గాఢ పెరాక్సైడ్‌తో ప్రమాదమూ తక్కువేం కాదు. 2000 ఆగస్టులో రష్యా జలాంతర్గామి కుర్‌స్క్‌లో 118 మంది మరణానికి టార్పెడోలోని పెరాక్సైడ్ లీకవడమే మూలమని ఆ దేశపు అధికారిక దర్యాప్తు తేల్చింది.

ఇంత తతంగం ఎందుకు, హైడ్రోజన్‌నూ ఆక్సిజన్‌నూ నేరుగా కలిపేస్తే పోలేదా? హెంకెల్, వెబర్ 1914లోనే పల్లేడియంతో ఈ మార్గానికి పేటెంటు తీసుకున్నారు. వందేళ్లు దాటినా అది రాజమార్గం కాలేదంటే రెండు కారణాలు. మొదటిది పేలుడు. గాలిలో హైడ్రోజన్ 4 నుంచి 75 శాతం దాకా ఎంత ఉన్నా నిప్పురవ్వ చాలు. రెండోది, అసలు చిక్కు, ఉత్ప్రేరకంలోనే ఉంది. పెరాక్సైడ్‌ను తయారుచేసిన పల్లేడియమే అక్కడితో ఆగదు, దాన్ని మరింత హైడ్రోజన్‌తో కలిపి మామూలు నీరుగా మార్చేస్తుంది. పాలు కాగాక పొంగకముందే దించినట్టు, చర్యను సరిగ్గా ఆ దశలో ఆపగలగాలి.

ఈ ఆపడం మీద ఎక్కువ కాలం శ్రమించినవారిలో బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రాహం హచింగ్స్ బృందం ముఖ్యమైనది. దేనితోనూ కలవని లోహంగా పేరుపడ్డ బంగారాన్ని పల్లేడియంకు జతచేస్తే పెరాక్సైడ్ దిగుబడి పెరుగుతుందని 2002లో చూపించారు. పేలుడు బెడద తప్పించడానికి రెండు వాయువులనూ కార్బన్ డయాక్సైడ్‌తో పలచబరిచి, 2 డిగ్రీల చలిలో, వాతావరణ పీడనానికి దాదాపు 40 రెట్ల ఒత్తిడిలో పరీక్షలు జరిపారు. ఉత్ప్రేరకానికి ఆధారంగా వాడే కార్బన్‌ను ముందే ఆమ్లంతో కడిగితే పెరాక్సైడ్ నీరైపోవడం ఆగుతుందని 2009లో తేలింది. మన దేశంలోనూ ఈ పని జరిగింది. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో చౌధరి బృందం, పేలుడు ముప్పు లేకుండా రెండు వాయువులనూ కలిపే పొర ఉత్ప్రేరకాన్ని 2001లో ప్రకటించింది.

బంగారం ఖరీదు సంగతి వేరే చెప్పక్కర్లేదు. 2016లో కార్డిఫ్ బృందం దాని స్థానంలో చవకైన తగరం వేసి, 95 శాతానికి మించిన వరణాత్మకత సాధించింది. అంటే చర్యలో పాల్గొన్న హైడ్రోజన్‌లో అత్యధిక భాగం పెరాక్సైడ్‌గానే మారింది. ఎందుకిలా జరిగిందో కార్డిఫ్ ఒక్కటే చెప్పలేకపోయేది. అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ కీలీ బృందం ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూశాక ఒక చిత్రం దొరికింది. పెరాక్సైడ్‌ను పాడుచేసే అతిచిన్న పల్లేడియం రేణువులను తగరపు ఆక్సైడ్ పొర కప్పేస్తోంది. రసాయనం వండేవాళ్లూ అణువులను చూసేవాళ్లూ కలవకపోతే ఇది బయటపడేది కాదు.

ఆ తర్వాత సహకారం ప్రయోగశాల గోడలు దాటింది. 2021లో సూక్ష్మజీవ శాస్త్రవేత్తలతో కలిసి, నీటిలోకి హైడ్రోజన్, ఆక్సిజన్ పంపి అక్కడికక్కడే పెరాక్సైడ్ పుట్టించే బంగారం–పల్లేడియం ఉత్ప్రేరకాన్ని పరీక్షించారు. బజారులో కొన్న పెరాక్సైడ్ అంతే మోతాదులో పోస్తే చేసేదానికంటే ఇది కోటి రెట్లు ఎక్కువగా క్రిములను చంపిందని వారి ఫలితం. ఆశ్చర్యం ఏమిటంటే, ఎక్కువ పని చేసింది పూర్తయిన పెరాక్సైడ్ కాదు, అది ఏర్పడే క్రమంలో పుట్టే చురుకైన ఆక్సిజన్ రూపాలు. 2022లో జపాన్ కంపెనీ యూబీఈతో కలిసి నైలాన్ తయారీకి కావలసిన సైక్లోహెక్సనోన్ ఆక్సైమ్‌నూ ఇదే తీరులో, పెరాక్సైడ్‌ను బయటి నుంచి తేకుండా, తయారుచేసి చూపించారు.

కరెంటు దారి కూడా ఉంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో హావోటియన్ వాంగ్ బృందం 2019లో ఘన విద్యుద్విశ్లేష్యం వాడి, లవణాలేవీ కలవని పెరాక్సైడ్ ద్రావణాన్ని 20 శాతం గాఢత వరకూ తీయగలిగింది.

ఇక తొందరపడి సంబరపడకూడదు. అమెరికా కంపెనీ హెడ్‌వాటర్స్ రెండు వాయువులనూ నేరుగా కలిపే పద్ధతికి 2007లోనే ఆ దేశపు హరిత రసాయన శాస్త్ర పురస్కారం అందుకుంది. అయినా పాత పద్ధతి గద్దె దిగలేదు. ఉత్ప్రేరకం ఏళ్ల తరబడి నిలవాలి, లోహం నీటిలోకి కారకూడదు. హైడ్రోజన్ ఎక్కడిదన్న ప్రశ్న మరీ ముఖ్యం. నేడు ప్రపంచంలో దొరికే హైడ్రోజన్‌లో ఎక్కువ భాగం సహజవాయువు నుంచి, బొగ్గు నుంచి వచ్చేదే. దాంతో చేసిన పెరాక్సైడ్‌కు పచ్చ ముద్ర వేయడం న్యాయం కాదు. లక్షల టన్నులు కావలసిన కాగితపు మిల్లులకు ఇంకా చాలాకాలం ఆంత్రాక్వినోనే దిక్కు. కొత్త ఉత్ప్రేరకాలకు ముందుగా చోటు దొరికేది నీటిశుద్ధి, నైలాన్ వంటి చోట్ల. అక్కడ పెరాక్సైడ్ కొంచెం చాలు, పుట్టినచోటే ఖర్చయిపోతుంది.