ఏంజెల్ చేపల ఆరోగ్యానికి నీరే ఆధారం

ఇంట్లో గాజు తొట్టె పెట్టి, పిల్లల ముచ్చట కోసం నాలుగు ఏంజెల్ చేపలు తెచ్చి వదిలే కుటుంబాలు మన సరిహద్దు పల్లెల్లోనూ ఉన్నాయి. అయితే నెల తిరగకముందే ఆ చేపలు ఒకటొకటిగా చనిపోవడం తరచుగా జరుగుతుంటుంది. ఇంటికి రావలసిన కీడు చేప మీదుగా పోయిందని పెద్దలు సర్దిచెప్పుకుంటారు. మరికొందరు మన బోరు నీటిని నిందిస్తారు. నిజానికి ఎక్కువ సందర్భాల్లో అసలు కారణం వేరు. తొట్టె సిద్ధం కాకముందే చేపలను అందులో వదలడమే ఆ కారణం.

మన నీరు పనికివస్తుందా?

ఏంజెల్ చేప పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతం. అక్కడి నీటిలో లవణాలు తక్కువ, స్వల్పంగా ఆమ్లగుణం ఉంటుంది. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల భూగర్భ జలం అనేక చోట్ల కఠిన జలం. పలు గ్రామాల్లో ఫ్లోరైడు కూడా అధికం. అందుకే మనుషులు తాగేందుకు హొగేనకల్ నుండి కావేరి నీటిని అందించే పథకం 2013లో ప్రారంభమైంది.

చేపల విషయంలో మాత్రం కఠిన జలానికి అంతగా భయపడనక్కరలేదు. దుకాణాల్లో అమ్మే ఏంజెల్ చేపలు చాలావరకు చెన్నై కొళత్తూరు వంటి చోట్ల తరతరాలుగా తొట్లలో పెరిగినవి. పి.హెచ్. విలువ 8 వరకు ఉన్న నీటికి అవి అలవాటు పడగలవు. అవి తట్టుకోలేనిది ఆకస్మికమైన మార్పు. ఒక వారం బోరు నీరు, మరుసటి వారం కుళాయి నీరు పోయడం కంటే ఏదో ఒకదానికే కట్టుబడి ఉండడం మేలు. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది గనుక వెడల్పాటి పాత్రలో ఒక రోజు నిలువ ఉంచి, లేదా దుకాణంలో దొరికే క్లోరిన్ విరుగుడు చుక్కలు కలిపి వాడాలి. బోరు నీటిని కూడా గాలి సోకేలా ఒక రోజు ఉంచడం మంచిది. ఆర్.ఓ. యంత్రపు నీటిని మాత్రమే పోయరాదు. అందులో లవణాలు బాగా తగ్గిపోవడం వల్ల పి.హెచ్. నిలకడగా ఉండదు.

కంటికి కనబడని విషం

చేపల విసర్జన నుండి, మిగిలిన మేత నుండి అమ్మోనియా పుడుతుంది. దానిని మొదట నైట్రైటుగా, ఆపై అంతగా హాని లేని నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టరు స్పాంజిలో నివసిస్తాయి. కొత్త తొట్టెలో అవి తగినంతగా పెరగడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు చేపలు లేకుండా ఫిల్టరు నడుపుతూ, రోజూ చిటికెడు మేత వేయాలి. పి.హెచ్. 7 ఉన్న నీటిలో కంటే 8 ఉన్న నీటిలో అమ్మోనియా విషభాగం దాదాపు పది రెట్లు అధికం. కనుక కఠిన జలం వాడే మన ప్రాంతంలో ఈ ఓపిక మరింత అవసరం.

నిత్య సంరక్షణ

ఏంజెల్ చేప రెక్కలు నిలువుగా పెరుగుతాయి గనుక తొట్టె ఎత్తు కనీసం 18 అంగుళాలు ఉండాలి. ఒక జతకు 80 నుండి 100 లీటర్ల నీరు కావాలి. వారానికొకసారి నాలుగో వంతు నీటిని మార్చాలి. మొత్తం నీటిని ఒకేసారి పారబోయరాదు. స్పాంజిని కుళాయి కింద కడిగితే క్లోరిన్ వల్ల సూక్ష్మజీవులు నశిస్తాయి. తొట్టె నుండి తీసిన నీటిలోనే దానిని పిండాలి. మేత రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినగలిగినంత చాలు.

నీటి వేడి 24 నుండి 28 డిగ్రీల మధ్య ఉండాలి. మార్గశిర, పుష్య మాసాల చలి రాత్రుల్లో, ముఖ్యంగా హోసూరు, డెంకణికోట వైపు, హీటరు అవసరమవుతుంది. కరెంటు పోయినపుడు బ్యాటరీతో నడిచే గాలి పంపు ఆదుకుంటుంది. అది లేనివారు చెంబుతో నీటిని తీసి, పైనుండి మెల్లగా పోస్తూ ఉండాలి.

నియాన్ టెట్రా వంటి చిన్న చేపలను ఏంజెల్ మింగివేస్తుంది. టైగర్ బార్బులు దాని రెక్కలు కొరుకుతాయి. ఈ రెండింటినీ దానితో కలపరాదు. కొత్తగా కొన్న చేపను రెండు మూడు వారాలు వేరే తొట్టెలో ఉంచి, ఒంటిపై ఉప్పు రవ్వల వంటి తెల్లని చుక్కలు లేవని నిర్ధారించుకున్న తరువాతనే పాతవాటితో చేర్చాలి.

చేప రెక్కలు ముడుచుకున్నా, మేత మానినా, నీటి పైభాగానికి చేరి వేగంగా శ్వాసిస్తున్నా వెంటనే మందు వేయకండి. ముందుగా నాలుగో వంతు నీటిని మార్చండి. తొట్టె నీటికి సరిపడిన వేడిలో, క్లోరిన్ లేని నీటినే పోయండి. చాలా సందర్భాల్లో ఆ ఒక్క పనితోనే చేప తేరుకుంటుంది. సరిగా చూసుకుంటే ఏంజెల్ చేప పదేళ్ల వరకు జీవించగలదు. ఒకటో తరగతి పిల్లవాడు తెచ్చుకున్న చేప అతడు పదో తరగతి ముగించే నాటికీ తొట్టెలో తిరుగుతూ ఉండవచ్చు.